మనవాళ్ళ బిల్డింగు

మార్చి 3

చిన్నోడా,

మీ అక్క ఆశీస్సులు. ఫోన్లో మాట్లాడుకుంటే మూడో మాటకే గొంతులు లేస్తున్నాయి, ఇకనుంచి ఏదైనా ఉత్తరాల్లోనే చెప్పుకుందాం అన్నది నువ్వు. ఆ మాట నిలబెడుతున్నది మాత్రం నేను. నువ్వు కలం పట్టి ఎన్నాళ్ళయిందో నా మరదల్ని అడుగు, తనకైనా గుర్తుంటుంది.

ఇక్కడ విశేషం ఏమిటంటే, మునిసిపాలిటీలో మా సెక్షనుకు ఎట్టకేలకు ఒక మనిషిని ఇచ్చారు. ఊళ్ళో కట్టే ప్రతి ఇల్లూ, ప్రతి కొట్టూ నిబంధనల ప్రకారం ఉందో లేదో చూడాల్సింది మేమే కదా. మా గదిలో కుర్చీలకు కొదవ లేదు, కూర్చునే వాళ్ళకే కొదవ. నాదొక కుర్చీ, పాత ఇన్‌స్పెక్టర్ పెద్దాయనదొక కుర్చీ. మిగతావాటి మీద సంచులు పెట్టుకుంటాం, వానాకాలంలో గొడుగులు ఆరేసుకుంటాం. పెద్దాయనకు మోకాళ్ళ నొప్పులు. మేడ కింద నిలబడి, తలెత్తి చూసి, "బాగానే ఉంది మేడం" అని వచ్చేస్తాడు. మనుషుల్ని ఇవ్వండి మహాప్రభో అని అడిగి అడిగి నా నోరు నొప్పి పుట్టింది. "ఉన్నవాళ్ళతో సర్దుకోండమ్మా" అంటారు కమిషనర్ గారు. ఊరేమో నాలుగువైపులా పెరుగుతూనే ఉంది.

కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చేతిలో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవర్. దాని పిడితో ఎక్కడ గోడ కనిపిస్తే అక్కడ టకటకమని కొట్టి చెవి పెట్టి వింటాడు. వచ్చిన రోజే నా బల్ల వెనక గోడను కూడా కొట్టాడు. ఆఫీసులో అప్పుడే టకటక అని పేరు పెట్టేశారు. మనిషి వినయంగానే ఉన్నాడు, కాస్త ఎక్కువ వినయంగా ఉన్నాడు. ఎవరి సిఫార్సు మీద వచ్చాడో ఇంకా తెలియలేదు. సిఫార్సు లేకుండా ఎవరొస్తారు ఈ రోజుల్లో.

నీ బిల్డింగు ఉన్న వీధిలో నేను అడుగు పెట్టనని నీకు తెలుసు. తమ్ముడి బిల్డింగును ఈవిడే పాస్ చేసుకుంది అని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు. కింద ఫోటో స్టూడియో అతనూ, పైన పసిపిల్లల్ని చూసుకునే టీచరమ్మా బాగానే ఉన్నారని వింటున్నాను.

మీ బావకు ప్రెస్సులో చోటు చాలడం లేదట. కొత్త మిషను ఒకటి తెచ్చి మన మేడ మీద గదిలో పెట్టారు. అది తిరిగినంతసేపూ గిన్నెలన్నీ నాతో మాట్లాడుతున్నాయి.

అక్క


మార్చి 12

అక్కకు,

నమస్కారం. నా మీద ఫిర్యాదుతో మొదలుపెట్టావు కాబట్టి ఒంట్లో బాగానే ఉందని అర్థమైంది. మేం బాగున్నాం. ఈ కోల్డ్ స్టోరేజీ ఉద్యోగంలో బయట ఎండ, లోపల మంచు. మిషన్లు బాగుచేసి బయటికొచ్చేసరికి నా ముక్కు చెడిపోతోంది.

సూటిగా అడుగుతున్నాను, సూటిగానే చెప్పు. ఆ టకటకను నా బిల్డింగుకు పంపింది నువ్వేనా?

ఫోటో స్టూడియో అతను ఫోన్ చేశాడు. స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషి ఎవరో వచ్చి, మెట్ల గోడ కొట్టాడట, పైకెళ్ళి బాల్కనీ గోడ కొట్టాడట, కిందికొచ్చి బాల్కనీ అడుగున నిలబడి చాలాసేపు పైకి చూశాడట. రెండు రోజులాగి మళ్ళీ వచ్చాడట. ఇన్నేళ్ళలో మీ ఆఫీసు నుంచి ఒక్కరంటే ఒక్కరు ఆ మెట్లెక్కలేదు. నాన్న పోయాక నేను దగ్గరుండి ఆ బాల్కనీ వేయించినప్పుడు కూడా ఎవరూ రాలేదు. నువ్వు అడ్డు చెప్పలేదు కాబట్టి అంతా సవ్యంగానే ఉందని నేను నిశ్చింతగా ఉన్నాను. ఇప్పుడేమిటి ఈ హడావుడి?

నీ ఉత్తరం రెండోసారి చదివితే చివర్న బావకు చోటు చాలడం లేదన్న మాట కనిపించింది. నాన్న పంపకాలు చేసినప్పుడు ఇల్లు నీకు, బిల్డింగు నాకు అన్నాడు. ఆ రోజు బావ మొహం నేను మర్చిపోలేదు. "ప్రెస్సుకు బాగుండేది" అన్నాడు, అందరూ విన్నారు. అద్దెకున్న వాళ్ళను భయపెట్టి ఖాళీ చేయిస్తే ఆ చోటు ఎవరికి పనికొస్తుందో లెక్క వేయడానికి నాకు పెద్ద చదువులక్కర్లేదు. ఇలా రాయడం నాకూ బాధగానే ఉంది. అయినా కడుపులో పెట్టుకుని కుమిలిపోవడం కంటే అడిగేయడం మేలనుకున్నాను.

నీ మరదలు నిన్ను అడిగినట్టు చెప్పమంది.

తమ్ముడు


మార్చి 20

తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావకు చూపించలేదు. చూపిస్తే ఆయన అన్నం మానేస్తారు, వండినదంతా నేను తినాలి.

నేనెవర్నీ పంపలేదు. నాన్న మీద ఒట్టు. ఆ బిల్డింగు మీదకు మనిషిని పంపేదాన్నే అయితే ఇన్నేళ్ళు ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి మార్కెట్టుకు వెళ్ళేదాన్ని కాదు. బావ ఏదో నోరు జారి అన్న మాటను నువ్వు ఇన్నాళ్ళు మూట కట్టుకుని తిరుగుతున్నావంటే నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత కోపమొచ్చింది.

ఇప్పుడు నేనడిగేదానికి నువ్వు చెప్పు. ఇన్‌స్పెక్టర్ ఒక బిల్డింగుకు వెళ్తే ఆ సాయంత్రానికి నా బల్ల మీద కాగితం ఉండాలి. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని. నీ బిల్డింగు గురించి టకటక ఒక్క ముక్క రాయలేదు. మిగతా అన్నింటి గురించీ రాస్తున్నాడు, పక్కింటి చూరు ఎంత ముందుకొచ్చిందో కూడా రాస్తున్నాడు. నీ దగ్గరికి రెండుసార్లు వెళ్ళి ఏమీ రాయని మనిషి ఎందుకు రాయలేదు? పోయినపని అయిపోయిందా, లేక అవ్వాలని చూస్తున్నాడా? నువ్వేమైనా అతని చేయి తడిపావా?

అడగక తప్పదు. ఈ మధ్య నేను గదిలోకి రాగానే అతనూ పెద్దాయనా మాటలు ఆపేస్తున్నారు. మొన్న నేను తలుపు తీసేసరికి "నోటితో చెప్పు, రాయకు" అని పెద్దాయన అంటున్నాడు. ఏమిటది అంటే కళ్ళజోడు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. టకటక నావంక చూసి ఏదో చెప్పబోయి నీళ్ళు నమిలాడు.

నా గదిలో, నా ముందు, నా తమ్ముడి బిల్డింగు పేరు మీద ఏదో నడుస్తోంది. అది నా ఉద్యోగానికి చుట్టుకుంటే ఇంతకాలం కాపాడుకున్న పేరు ఒక్క పూటలో పోతుంది. నిజం చెప్పు.

అక్క


ఏప్రిల్ 2

గౌరవనీయులైన మేడం గారికి,

తమరు పంపిన విచారణ లేఖ అందింది. నేను ఎవరి చేతులూ తడపలేదని మనవి చేసుకుంటున్నాను.

ఇంక మీరు గారు అనడం నా వల్ల కాదు. అక్కా, నన్ను అంత మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది? చిన్నప్పుడు ఎవరి చెట్టు మీదో కాయ కోసుకొస్తే నా చెవి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళి ఇప్పించింది నువ్వు. ఆ చెవి ఇప్పటికీ ఒక పక్కకు వంగి ఉంటుంది.

అసలు జరిగింది ఇది. టకటక నాకు ఫోన్ చేశాడు. నా నంబరు టీచరమ్మ ఇచ్చిందట. "సార్, ఒకసారి వచ్చి కలవండి, ఫోన్లో చెప్తే అర్థం కాదు" అన్నాడు. ఈ మాట నేను ఎన్ని ఆఫీసుల్లో వినలేదు? ఫోన్లో అర్థం కాకుండా, కలిస్తేనే అర్థమయ్యేది ఏముంటుందో నాకు తెలియదా? నాకు ఒళ్ళు మండింది. "నేనెవరి తమ్ముణ్ణో కనుక్కుని అప్పుడు మాట్లాడు" అన్నాను. "సరే సార్" అని పెట్టేశాడు. మళ్ళీ ఫోన్ లేదు.

దొంగచూపులు చూసే ఆ మనిషిని ఉద్యోగంలో ఉంచుకుని నన్నడుగుతావేం? నీ గదిలో ఎవరేం గుసగుసలాడుతున్నారో నేనింత దూరం నుంచి ఎలా చెప్పగలను?

ఈసారి నీ మరదలు నిన్ను అడిగినట్టు చెప్పమనలేదు. నీ ఉత్తరం తను కూడా చదివింది.

తమ్ముడు


ఏప్రిల్ 11

తమ్ముడికి,

నా పేరు వాడుకున్నావా? ఇన్నేళ్ళు నేను ఏ మాట పడకూడదని ఆ వీధి ముఖం చూడలేదో, ఆ మాట నువ్వు నీ నోటితోనే అనేశావు. మేడం తమ్ముడు బెదిరించాడు అని ఈపాటికి ఊరంతా చెప్పుకుంటూ ఉంటుంది.

సరే, డబ్బు సంగతి నేను తప్పుగా అనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చెవి సంగతి మాత్రం కాదు, అది పుట్టుకతోనే వంకర.

టకటకను పిలిపించాను. పెద్దాయన కూడా ఉన్నాడు.

"మా తమ్ముడి బిల్డింగుకు ఎందుకెళ్ళావు?"

"రోడ్డు మీద పోతుంటే చూడాలనిపించింది మేడం."

"చూసినవాడివి ఎందుకు రాయలేదు?"

అతను పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన కిటికీ వైపు చూశాడు. చివరికి టకటకే అన్నాడు కదా, "మేడం, మీరే ఒకసారి వెళ్ళి చూస్తే బాగుంటుంది."

నాకు ఎక్కడో కాలింది. నేను వెళ్తే చాలు, తమ్ముడి బిల్డింగును ఈవిడే తనిఖీ చేసుకుందని రేపు ఎవడైనా పై వాళ్ళకు అర్జీ పెడతాడు. నన్ను ఆ మెట్లెక్కించాలని ఎవరో ఇతనికి చెప్పి పంపారనిపించింది. నా కుర్చీ మీద కన్నున్న వాళ్ళు లేకపోలేదు. చెప్పకుండా వెళ్ళినందుకు, వెళ్ళి రాయనందుకు మెమో ఇచ్చాను. ఊరి చివర ఖాళీ స్థలాల సర్వేకు మార్చాను. కొట్టుకోవడానికి అక్కడ గోడలుండవు.

సోమవారం వచ్చి గుర్తింపు కార్డు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. స్క్రూడ్రైవర్ మాత్రం పట్టుకెళ్ళాడు. అది అతని సొంతమేనట. తప్పు చేసినవాడు కాకపోతే అలా చెప్పాపెట్టకుండా పోతాడా? ఇప్పుడు ఆ కుర్చీ మీద మళ్ళీ నా సంచి పెట్టుకున్నాను. మనుషులు కావాలని కమిషనర్ గారిని మళ్ళీ ఏ మొహం పెట్టుకుని అడగను? ఇచ్చిన ఒక్కణ్ణీ నిలుపుకోలేకపోయారు అంటారు.

అక్క


ఏప్రిల్ 19

అక్కకు,

నాకు ఎందుకో భయంగా ఉంది, అందుకే వెంటనే రాస్తున్నాను. ఇది పోట్లాట ఉత్తరం కాదు.

ఉద్యోగం మానేసినా ఆ టకటక నా బిల్డింగును వదల్లేదు. ఫోటో స్టూడియో అతను చెప్పాడు. తల్లులు పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చే వేళకు రోజూ వస్తున్నాడట. ఎదురుగా నిలబడి పైకే చూస్తున్నాడట. వచ్చిన తల్లులతో మాట్లాడుతున్నాడట. ఒకరోజు పైకెళ్ళి టీచరమ్మతో కూడా చాలాసేపు మాట్లాడాడు. మర్నాడు ఆవిడ నాకు ఫోన్ చేసి, పిల్లల్ని ఇకనుంచి బాల్కనీలో ఆడించను, వెనక గదిలోనే ఉంచుతాను అంది. ఎందుకమ్మా అంటే, "ఎందుకైనా మంచిదని" అంది. వేరే చోటేదైనా చూస్తున్నారా అంటే మాట దాటేసింది.

నాకేమనిపిస్తోందంటే, నీ మీద కోపంతో వాడు నా మీద పగబట్టాడు. టీచరమ్మను అక్కణ్ణుంచి లేపి ఇంకెక్కడికో తీసుకుపోతాడు. లేదా అంతకంటే పాడు పని ఏదైనా చేస్తాడు. పసిపిల్లలుండే చోట అతనికేం పని? నువ్వు పోలీసులకు చెప్పు. ఆ వీధిలోకి రానన్నావు, రావద్దు. ఒక ఫోన్ చేస్తే చాలు.

నా కూతురు నిన్న అడిగింది, అత్తయ్య మనింటికి ఎప్పుడూ ఎందుకు రాదు అని. ఆఫీసులో మనుషులు లేరమ్మా, సెలవు దొరకదు అన్నాను. అది నమ్మలేదు.

తమ్ముడు


ఏప్రిల్ 30

చిన్నోడా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పిల్లలందరూ క్షేమం, ముందు అది చెప్పేస్తున్నాను.

నీ ఉత్తరం అందిన రోజే అతన్ని స్వయంగా పట్టుకోవాలని బయల్దేరాను. పోలీసులకు చెప్పే ముందు నా కళ్ళతో చూడాలనుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ వీధి మలుపులో, మందుల కొట్టు పక్కన, కొంగు తల మీదకు లాక్కుని నిలబడ్డాను. ఆ కొట్టతను నన్ను చూసి తలనొప్పా మేడం అని అడిగాడు. అవునన్నాను, ఒక బిళ్ళ అంటగట్టాడు.

టకటక వచ్చాడు. తల్లులు ఒక్కొక్కరే వస్తున్నారు. అందరూ బాల్కనీ కింద నీడలో నిలబడబోతున్నారు. అతను వెళ్ళి "ఇటు వచ్చి నిలబడండమ్మా, ఎండైనా పర్లేదు, ఇటు రండి" అని ఒక్కొక్కరినీ రోడ్డుకు ఇవతలికి తీసుకొస్తున్నాడు. అంతే. అతను చేస్తున్నది అంతే. చివరి పిల్ల వెళ్ళిపోయేదాకా ఉండి, తనూ వెళ్ళిపోయాడు.

ఆఫీసుకు తిరిగొచ్చి పెద్దాయన ఎదురుగా కూర్చున్నాను.

"ఆ బాల్కనీ వేసినప్పుడు వెళ్ళి చూసింది ఎవరు?"

"ఎవరూ వెళ్ళలేదు మేడం."

"ఎందుకు వెళ్ళలేదు?"

"అది మీ వాళ్ళది కదా మేడం. మీ వాళ్ళ బిల్డింగు మేం తనిఖీ చేస్తే ఏం మర్యాద? మీరే చూసుకుంటారనుకున్నాం."

"నేను చూడకూడదనే కదా ఆ వీధికే వెళ్ళనిది. మీరు చూస్తున్నారనుకున్నాను."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఈసారి వెతుక్కోలేదు. మా ఆఫీసులో ఎప్పటినుంచో ఉన్న పద్ధతట ఇది. సిబ్బందిలో ఎవరి బంధువుల బిల్డింగైనా మిగతావాళ్ళు ముట్టుకోరు. మనవాళ్ళది, వదిలెయ్ అంటారు. టకటక కొత్తవాడు, అతను ఈ సంగతి తెలియక చూడ్డానికి వెళ్ళాడు. రాయబోతే పెద్దాయన ఆపాడు. మేడం తమ్ముడిది, కాగితం మీద పెట్టకు, ఓనరుకు నోటితో చెప్పు అన్నాడు. అతను నీకు చెప్పబోయాడు, నువ్వు నా పేరు చెప్పావు. నాకు చెప్పబోయాడు, నేను మెమో ఇచ్చాను. ఇంక మిగిలింది ఆ తల్లులే.

ఆ సాయంత్రమే పైకెళ్ళాను. మెట్ల మీద చిన్న చిన్న చెప్పుల జతలు. టీచరమ్మ నన్ను చూసి నిలబడిపోయింది. నీకు చెప్తే ఖాళీ చేయమంటావని భయపడి నోరు విప్పలేదట. బాల్కనీలో ఒక మూల పెద్ద నీళ్ళ డ్రమ్ము ఉంది, దాని చుట్టూ నేల ఎప్పుడూ తడిగా ఉంటుందట. కిందికొచ్చి, ఫోటో స్టూడియో అతని స్టూలెక్కి, ఇంటి తాళంచెవితో బాల్కనీ అడుగున కొట్టాను. గోడ దగ్గర గట్టిగా పలికింది. అంచు దగ్గర డొల్లగా పలికింది. నాకు స్క్రూడ్రైవర్ అక్కర్లేకపోయింది.

మర్నాడు డ్రమ్ము దింపించి, కింద ఇనప గొట్టాలు దన్ను పెట్టించి, మేస్త్రీని పిలిపించాను. అతను అంచు మీద చెయ్యి వేయగానే పెద్ద పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. లోపలి తుప్పుపట్టిన చువ్వలను వేళ్ళతో విరిచి చూపించాడు. ఆ అంచు కిందే తల్లులు నిలబడేవాళ్ళు. దాని మీద పిల్లలు ఆడుకునేవాళ్ళు.

బిల్డింగు మూయించాను. నోటీసు నా చేత్తోనే అంటించాను, నా సంతకంతో. టీచరమ్మకు ప్రస్తుతానికి మునిసిపాలిటీ హాలు ఇప్పించాను. నీకు కోపం వస్తుంది. రానీ.

అక్క


మే 8

అక్కకు,

వచ్చింది. కోపం చాలా వచ్చింది. నోటీసు సంగతి నీ ఉత్తరం కంటే ముందే ఫోటో స్టూడియో అతను చెప్పాడు. నాన్న కట్టిన గోడ మీద నా సొంత అక్కే కాగితం అంటించిందని ఆ వీధిలో ఎవరెవరు నవ్వుకున్నారో పేరుపేరునా చెప్పాడు. నేను రాత్రి బస్సెక్కి వచ్చాను. ఇది నీకు తెలియదు.

పొద్దున్నే బిల్డింగు ముందు నిలబడ్డాను. నోటీసు చింపేద్దామని మూల పట్టుకున్నాను కూడా. అప్పుడు మెట్ల కింద మేస్త్రీ కుప్ప పోసిన ఇనుము కనిపించింది. ఒక చువ్వ తీసి నలిపాను. పొరలు పొరలుగా అరచేతిలో రాలింది. అక్కా, ఆ బాల్కనీ నేను దగ్గరుండి వేయించాను. డ్రమ్ము నేనే పెట్టించాను, టీచరమ్మకు నీళ్ళ ఇబ్బంది ఉండకూడదని. ఒక మంచి పని చేశానని ఇన్నాళ్ళూ అనుకుంటూ ఉన్నాను. నోటీసు మూల మళ్ళీ గోడకు అదిమి పెట్టాను. అది సరిగా అంటుకోలేదు, నువ్వు చూస్తే నన్నే అనుమానిస్తావని ముందే చెప్తున్నాను.

ఆ తర్వాత టకటకను వెతికాను. పెయింట్లు, మేకులు అమ్మే కొట్లో పనిచేస్తున్నాడు. నన్ను నేను పరిచయం చేసుకోవడానికి చాలా కష్టపడ్డాను.

"సార్, ఆ రోజు ఫోన్లో మిమ్మల్ని ఏదో అడుగుతున్నాననుకున్నారు కదూ."

"అనుకున్నాను."

"అందరూ అనుకుంటారు సార్. డొల్ల శబ్దం ఫోన్లో వినిపించడం కష్టం. అందుకే రమ్మన్నాను."

అతని గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. క్షమించమని అడిగాను. పర్లేదన్నట్టు తలూపి, వేరే గిరాకీ వస్తే అటు వెళ్ళాడు. అతన్ని మళ్ళీ ఉద్యోగంలోకి పిలవాలనుంటే నువ్వే వెళ్ళు. కాగితం పంపితే రాడు.

అక్కణ్ణుంచి మీ ఇంటి దాకా వచ్చాను. గేటు దగ్గర బావ మిషను చప్పుడు వినిపించింది. గేటు మీద చెయ్యి వేసి, ఎందుకో తీసేశాను. బస్‌స్టాండుకు వెళ్ళిపోయాను. ఇంటికొచ్చి చెప్తే నీ మరదలు నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

తమ్ముడు


మే 17

చిన్నోడా,

గేటు దాకా వచ్చి వెళ్ళిపోయావా? ఆ మాట దగ్గర ఆగిపోయి మిగతా ఉత్తరం చదవడానికి చాలాసేపు పట్టింది. ఈ సంగతి వినగానే మీ బావ మిషను ఆపేసి గేటు దాకా వెళ్ళి చూసొచ్చారు, నువ్వింకా అక్కడే ఉంటావేమోనని.

టకటక పనిచేసే కొట్టుకు వెళ్ళాను. ముందు రానన్నాడు. "ఇంకో మనవాళ్ళ బిల్డింగు దగ్గర మళ్ళీ నన్ను ఆపరని ఏమిటి నమ్మకం మేడం" అన్నాడు. న్యాయమే. మా ఇంటి నుంచే మొదలుపెట్టు అన్నాను. నిజమా అన్నట్టు చూశాడు. నా మీద అతనికి నమ్మకం లేదు, ఉండాల్సిన పనీ లేదు.

ఆదివారం వచ్చాడు. గదిగదీ తిరిగి టకటకలాడించాడు. మీ బావ చేతులు కట్టుకుని, ఏదో ఎత్తుకుపోతాడేమో అన్నట్టు వెనకే నడిచారు. మేడ మీది గదిలో అతను చెవి పెట్టి విని, కిందికొచ్చి వంటగది పైకప్పు చూసి, ఆ మిషను అక్కడ ఉండటానికి వీల్లేదన్నాడు. గిన్నెలు నాకు ఇన్నాళ్ళూ చెబుతున్నది అదేనేమో. నోటీసు రాసి నా చేతికిచ్చాడు, తీసుకున్నట్టు సంతకం పెట్టాను. మీ బావ నాతో మాట్లాడటం మానేసి, మిషను దింపించే పనిలో పడ్డారు. సోమవారం టకటక ఆఫీసుకొచ్చాడు. ఆ కుర్చీ మీంచి నా సంచి తీసేశాను.

ఊళ్ళో ఇంకా ఏయే బిల్డింగులు ఇలా వదిలేశారని పెద్దాయనను అడిగాను. వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయాడు. కమిషనర్ గారి తోడల్లుడి లాడ్జి, నీటి సరఫరా ఆయన వియ్యపురాలి హాస్టలు. చిన్న ఊరు కదా, ఎవరో ఒకరికి అందరూ మనవాళ్ళే. కాసేపటికి వేళ్ళు మడవడం మానేసి మా ఆఫీసు పైకప్పు వంక చూశాడు. దీన్నైతే ఎవరూ చూడనే లేదు మేడం, ఇది అందరిదీ కదా అన్నాడు. ఇంకో ఇద్దర్ని ఇవ్వమని అడిగాను. కమిషనర్ గారు చూద్దామన్నారు. నాకు నమ్మకం లేదు, మళ్ళీ అడుగుతాను.

ఒక మాట రాయకుండా ఉండలేను. నువ్వు ఆ ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నప్పుడు గృహప్రవేశానికి రమ్మన్నావు, నేను రాలేదు. పంపకాల తర్వాత వస్తే, దేనికో వచ్చిందని నువ్వనుకుంటావేమోనని రాలేదు. నీ బిల్డింగు వైపు వెళ్ళకపోవడం నిజాయితీ అనుకున్నాను, నీ ఇంటికి రాకపోవడం మర్యాద అనుకున్నాను. దూరంగా ఉండి చాలా మంచిదాన్నని మురిసిపోయాను. ఆ బాల్కనీ కూలి ఉంటే ఆ మంచితనం ఏ తల్లికి చూపించేదాన్ని? నీ కూతురు నన్ను గుర్తుపట్టదేమో.

రానా?

అక్క


మే 24

అక్కా,

అడుగుతావేం, రా. ఆదివారమే రా. బావను కూడా తీసుకురా, మాట్లాడకపోయినా పర్లేదు.

నువ్వు రాసిన సంగతులన్నీ నీ మరదలికి చదివి వినిపించాను. అప్పటినుంచి గరిటెతో గోడలు కొడుతూ ఇల్లంతా తిరుగుతోంది. నిన్న వెనక గదిలో కిటికీ కింద ఆగిపోయి నన్ను పిలిచింది. అక్కడ శబ్దం వేరుగా ఉందంటోంది. నేను కొట్టి చూశాను, మా అమ్మాయి కూడా కొట్టి చూసింది. నాకు అంతా ఒకేలా వినిపిస్తోంది. కోల్డ్ స్టోరేజీ మిషన్ల మధ్య నా చెవులు ఎప్పుడో పోయాయి.

ఇక్కడి ఆఫీసుకు ఫోన్ చేశాను. మనుషులు లేరట, వచ్చే నెల చూద్దామన్నారు. ఆ గదిలో ఎవర్నీ పడుకోనివ్వడం లేదు. నీకు పక్క ముందుగదిలో వేయిస్తాను.

నువ్వొచ్చి ఒకసారి విను.

తమ్ముడు